పైపు తీసే తేదీ ఎవరు రాస్తారు?

విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రి కింది రోడ్డులో ఒక మందుల షాపు. కౌంటరు దగ్గర ఒకావిడ ఫోన్లో ఫొటో చూపిస్తోంది. "మామయ్యగారికి యూరిన్ పైపు మార్చాలన్నారండి. ఏ సైజో రాయనేదు." షాపతను ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూశాడు. పైపు చివర వాల్వు దగ్గర నారింజ రంగు ఉంది. "పదహారమ్మా" అని ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. సైజు సరిగ్గానే చెప్పాడు. పక్కనే ఆమె పరిచిన డిశ్చార్జి కాగితం ఉంది. పక్షవాతం వచ్చి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి మర్రిపాలెం ఇంటికి చేరిన పెద్దాయనది. మాత్రలకు పదకొండు వరసలున్నాయి. ఏది తిండికి ముందు, ఏది తర్వాత, ఏది ఎన్నాళ్లు, అన్నీ రాసే ఉన్నాయి. ఒంట్లో ఉన్న రెండు పైపులకూ, అంటే మూత్రం పైపుకూ (ఫోలీస్), ముక్కులోంచి పొట్టలోకి తిండి పోసే పైపుకూ (రైల్స్ ట్యూబ్), కలిపి ఒకటే వరస: "ఫోలీస్, రైల్స్ ట్యూబ్‌తో ఇంటికి".

రోజుకు రెండుసార్లు మింగే మాత్రకు గడువుంది. ఇరవై నాలుగు గంటలూ ఒంట్లో ఉండే పైపుకు లేదు. నేను చెప్పదలచుకున్నది ఆ ఖాళీ గురించే. పైపు వేసిన చెయ్యే, వేసిన పూటే, రెండు సంగతులు కేస్‌షీట్‌లో రాయాలి. ఎందుకు వేశాం? ఇది ఇంకా కావాలా అని మళ్లీ ఏ రోజున చూడాలి? ఆ రెండూ రాయకపోతే పైపు ఎంత నేర్పుగా వేసినా పని సగమే అయినట్టు.

నారింజ రంగు చెప్పేది, చెప్పనిది

ఫోలీ క్యాథెటర్ సైజు ఫ్రెంచ్ నంబర్లలో ఉంటుంది. 19వ శతాబ్దంలో పారిస్‌లో ఆపరేషన్ పనిముట్లు తయారుచేసిన షారియేర్ పెట్టిన కొలత అది. నంబరును 3తో భాగిస్తే పైపు బయటి వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది. 16 అంటే 5 మిల్లీమీటర్ల పైచిలుకు. 12కు తెలుపు, 14కు ఆకుపచ్చ, 16కు నారింజ, 18కు ఎరుపు. మామూలుగా పెద్దవాళ్లకు 14 గానీ 16 గానీ చాలు. మూత్రంలో రక్తపు గడ్డలు పడుతున్నప్పుడే అంతకన్నా లావు పైపుతో పని.

కానీ పైపు పక్కనుంచి మూత్రం కారుతుంటే చాలాచోట్ల మొదట వచ్చే ఆలోచన "పెద్ద సైజు వేద్దాం". ఇది తలకిందుల వైద్యం. పక్కనుంచి కారడానికి ఎక్కువసార్లు కారణం మూత్రాశయం ముడుచుకుపోతూ మూత్రాన్ని బయటికి నెట్టడం. లావు పైపు, పెద్ద బెలూను (పైపు జారిపోకుండా మూత్రాశయంలో ఉబ్బించేది) ఆ ముడుచుకోవడాన్ని ఇంకా రేపుతాయి. లేకపోతే పైపు తొడ కింద నలిగి ఉంటుంది, లోపల సున్నంలా పేరుకుని పూడి ఉంటుంది, లేదా మలబద్ధకంతో పెద్దపేగు నిండి ఒత్తుతూ ఉంటుంది. నాలుగు రోజులుగా విరేచనం కాని పెద్దాయనకు ఒక సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మాత్ర) చేసే మేలు 20 నంబరు పైపు చేయలేదు.

బెలూను సంగతి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలో వాల్వు కొమ్మ మీదే అచ్చయి ఉంటుంది. పెద్దవాళ్లకు సాధారణంగా 10 మిల్లీలీటర్లు. అందులో స్టెరైల్ వాటర్ పోయాలి. సెలైన్ పోస్తే ఆ సన్నటి దారిలో ఉప్పు గడ్డకట్టి, తీసేటప్పుడు బెలూను దిగకుండా మొరాయించవచ్చు. గాలి నింపితే బెలూను మూత్రంలో పైకి తేలి, పైపు కన్నాలు అడుగున చేరిన మూత్రానికి అందవు. మగవాళ్లలో మూత్రనాళం సుమారు 20 సెంటీమీటర్లు ఉంటుంది. మూత్రం చుక్క కనబడగానే బెలూను నింపేస్తే అది ఇంకా నాళంలోనే ఉండొచ్చు. అక్కడ ఉబ్బితే నాళం చిట్లి రక్తం వస్తుంది. అందుకే మూత్రం కనబడ్డాక కూడా పైపు రెండుగా చీలే చోటు దాకా లోపలికి తోసి, అప్పుడు నింపాలి. నింపుతుంటే నొప్పి అంటే వెంటనే ఆపాలి. అయ్యాక వెనక్కి లాగిన ముందుచర్మాన్ని తిరిగి ముందుకు తేవాలి. ఇది మరిచిపోతే ఆ చర్మం ఉంగరంలా బిగిసి సాయంత్రానికి వాపుతో కొత్త కేసు తయారవుతుంది.

నారింజ రంగు ఇవేవీ చెప్పదు. లోపల ఎన్ని మిల్లీలీటర్లు పోశారో, ఏ తేదీన వేశారో, పైపు దేనితో చేసిందో చెప్పదు. పైకి సిలికాన్ పూత ఉన్న రబ్బరు పైపుకు సాధారణంగా 4 వారాల లోపే గడువు. పూర్తి సిలికాన్‌దైతే 12 వారాల దాకా ఉంచొచ్చు. బిల్లులో రెండూ "ఫోలీస్" అనే పడతాయి. కాగితం మీద రకమూ తేదీ లేకపోతే ఇంట్లోవాళ్లు ఏ లెక్కన మార్చాలి?

గడువు మీద ఇంత పట్టుదల ఎందుకంటే సూక్ష్మజీవులు రోజులు లెక్కపెడతాయి. పైపు ఉన్న ప్రతి రోజుకూ మూత్రంలోకి బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం. నెల తిరిగేసరికి దాదాపు అందరి మూత్రంలోనూ ఉంటుంది. అవి పైపు గోడకు జిగురు పొరలా అంటుకుని ఉంటాయి కనుక యాంటీబయాటిక్ వాటిని పూర్తిగా కడిగేయలేదు. జ్వరం, చలి, పొత్తికడుపు నొప్పి లాంటివేమీ లేకుండా ఊరికే బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్‌కు పంపితే ఏదో ఒకటి పెరిగి తీరుతుంది. దానికి మందు వాడితే తర్వాత నిజంగా జ్వరం వచ్చినప్పుడు ఆ మందు పనిచేయకుండా పోతుంది. రెండు వారాలు దాటిన పైపుతో జ్వరం వస్తే ముందు పైపు మార్చి, కొత్త పైపులోంచి వచ్చే మూత్రాన్నే పరీక్షకు పంపాలి. బ్యాగులోంచి పట్టిన మూత్రం పరీక్షకు పనికిరాదు.

ఇక బ్యాగు. ఏ ఆసుపత్రి లిఫ్టులోనైనా చూడొచ్చు: స్కానింగుకు తీసుకెళ్తున్న రోగి, స్ట్రెచర్ మీద, యూరిన్ బ్యాగు పొట్ట మీద. నేల మీద పడకుండా, ఎవరి కాలికీ తగలకుండా అక్కడ పెట్టారు. మంచి ఉద్దేశమే. కానీ బ్యాగు మూత్రాశయం కన్నా పైకి వెళ్లగానే బ్యాగులోని పాత మూత్రం, దానిలోని సమస్తంతో సహా, వెనక్కి లోపలికి నడుస్తుంది. డిశ్చార్జి రోజు ఆటోలో ఒళ్లో పెట్టుకుని గోపాలపట్నం దాకా తీసుకెళ్లే బ్యాగూ ఇదే పని చేస్తుంది. కదిలించే ముందు బ్యాగు ఖాళీ చేయాలి. ఎప్పుడూ నడుము కన్నా కింద, నేలకు తగలకుండా వేలాడదీయాలి. మూడింట రెండు వంతులు నిండకముందే పారబోయాలి. పైపుకూ బ్యాగుకూ మధ్య అతుకును మాత్రం ఊరికే ఊడదీయకూడదు. రోజూ స్నానానికి వాడే సబ్బు, నీళ్లతో పైపు మొదలు కడిగితే చాలు. డెటాల్, బెటాడిన్ అక్కర్లేదు.

ఎందుకు వేశారో మరిచిపోతే

2000లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశీలన ఉంది. నాలుగు బోధనాసుపత్రుల్లో డాక్టర్లను, వైద్య విద్యార్థులను "మీ రోగుల్లో ఎవరికి యూరిన్ క్యాథెటర్ ఉంది?" అని అడిగారు. 28 శాతం సందర్భాల్లో వాళ్లకు తెలియనే తెలియదు. మెట్టు పెరిగేకొద్దీ మరుపూ పెరిగింది: పై స్థాయి డాక్టర్లలో అది 38 శాతం. పైపు అవసరం లేని రోగుల్లో ఈ మరుపు ఇంకా ఎక్కువని కూడా తేలింది. అక్కడ అంత ఉంటే మన జనరల్ వార్డుల్లో తక్కువ ఉంటుందని నేననుకోను. పైపు దుప్పటి కింద ఉంటుంది, బ్యాగు మంచం అవతలి వైపు ఉంటుంది, రౌండ్స్ ఇవతలి వైపు నుంచి జరుగుతాయి.

మర్రిపాలెం పెద్దాయన విషయమే తీసుకుందాం. పక్షవాతం వచ్చిన తొలి రోజు ఎంత మూత్రం వస్తోందో కచ్చితంగా కొలవాల్సి రావడం, స్పృహ సరిగా లేకపోవడం మంచి కారణాలే. మూడో రోజుకు ఆ కారణాలున్నాయా? ఐదో రోజుకు? ఎవరూ తప్పు నిర్ణయం తీసుకోలేదు. అసలు నిర్ణయమే తీసుకోలేదు.

ఇక్కడ న్యాయంగా ఎదురువాదన చెప్పాలి. రాత్రి డ్యూటీలో ఒక సిస్టరు చేతికింద ముప్పై, నలభై మంచాలుంటే, తడిసిన పక్క ఎన్నిసార్లు మారుస్తుంది? ఇంట్లో కోడలు ఒక్కతే ఉంటే, డెబ్బై కేజీల మనిషిని రాత్రి నాలుగుసార్లు ఎలా లేపుతుంది? "పైపు ఉంటే మాకు సుకువుగా ఉంటాదండి, ఉంచేయండి" అని ఇంట్లోవాళ్లే అడుగుతారు. వాళ్ల అలసటను చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. అయినా సౌకర్యం కోసం పైపు ఉంచుతున్నామంటే అదే కారణమని కాగితం మీద రాయగలగాలి. రాయడానికి చెయ్యి రాకపోతే, అక్కడే మిగతా దారులు గుర్తొస్తాయి. మగవాళ్లకు బయటినుంచి తొడిగే కండోమ్ క్యాథెటర్ ఉంది. సరైన సైజు తీసుకుని, రోజూ మార్చి, చర్మం చూసుకుంటే చాలామందికి అది చాలు. పగలు రెండు, మూడు గంటలకోసారి బాటిల్ అందిస్తే డైపర్ రాత్రికే సరిపోతుంది. కొలత కావాలంటే డైపర్‌ను తూచొచ్చు: పెరిగిన ప్రతి గ్రామూ సుమారు ఒక మిల్లీలీటరు.

వెన్నుపూస దెబ్బతిని మూత్రం తానుగా రానివాళ్లకు మరో దారి ఉంది. రోజుకు 4 నుంచి 6 సార్లు సన్నటి పైపు పెట్టి, ఖాళీ చేసి, తీసేయడం. చేతులు శుభ్రంగా కడుక్కుని ఇంట్లోనే ఎవరికి వాళ్లు చేసుకోవచ్చని అమెరికాలో లాపిడీస్ అనే యూరాలజిస్టు 1972లో చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. ఒక విడత 400, 500 మిల్లీలీటర్లు దాటకుండా చూసుకుంటే కిడ్నీలు కాపాడుకోవచ్చు. దీన్ని నేర్పడానికి రెండు రోజులు పడుతుంది. ఫోలీ వేయడానికి పది నిమిషాలు. మన దగ్గర ఎక్కువగా ఏది జరుగుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

తీయడం కష్టమేం కాదు. తీసే ముందు రెండు రోజులు పైపుకు క్లిప్పు పెట్టి మూత్రాశయానికి "వ్యాయామం" చేయించే అలవాటు ఇంకా ఉంది. దానివల్ల ఉపయోగం తేలలేదు, క్లిప్పు తీయడం మరిచిపోయిన కథలు మాత్రం తేలాయి. పొద్దున్నే తీయాలి, ఇబ్బందొస్తే చూడ్డానికి పగలంతా ఉంటుంది. వాల్వుకు 10 మిల్లీలీటర్ల సిరంజి తగిలిస్తే బెలూను నీళ్లు వాటంతటవే వెనక్కి వస్తాయి. గట్టిగా లాగితే ఆ సన్నటి దారి అతుక్కుపోతుంది. ఎన్ని పోశారో అన్నీ వచ్చాయా లేదా చూడాలి (రాసి ఉంటేనే ఇది సాధ్యం). ఆరు గంటల్లోగా మూత్రం రాకపోయినా, పొత్తికడుపు ఉబ్బినా స్కానింగులో ఎంత మిగిలిందో చూసి అప్పుడు ఆలోచించాలి.

ముక్కు పైపు, పొట్ట మీద స్టెతస్కోపు

రైల్స్ ట్యూబ్ విషయంలో నా పోట్లాట ఒక శబ్దంతో. పైపు వేశాక సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి, "బుస్"మంటే సరిగ్గా పడినట్టే అనుకోవడం తరతరాల అలవాటు. ఊపిరితిత్తిలోకి వెళ్లిన పైపులో గాలి కొట్టినా ఆ శబ్దం పొట్ట మీదికి వినిపించగలదు. ఇంగ్లండులో ఈ పరీక్షను వాడొద్దని 2005లోనే హెచ్చరిక జారీ చేశారు. పైపులోంచి లాగిన ద్రవాన్ని ఆమ్లం ఎంతో చూపే పీహెచ్ పట్టీ మీద వేసి 5.5 లేదా అంతకన్నా తక్కువ ఉంటే పొట్టలో ఉన్నట్టు. కానీ మన దగ్గర మంచం ఎక్కిన ప్రతివాళ్లకీ పాంటోప్రజోల్ పడుతుంది, ఆ మందు పొట్టలో ఆమ్లం తగ్గించేస్తుంది, పట్టీ 6 చూపిస్తుంది. అప్పుడు ఎక్స్‌రే ఒక్కటే నమ్మకం. స్పృహ తక్కువగా ఉన్నవాళ్లకు, దగ్గే శక్తి లేనివాళ్లకు మొదటి ఫీడు ముందు ఎక్స్‌రే అడగడం చాదస్తం కాదు. అలాంటివాళ్లు పైపు తప్పుదారిన పోయినా దగ్గరు.

వేసే ముందు ముక్కు కొస నుంచి చెవి తమ్మె దాకా, అక్కణ్నుంచి రొమ్ము ఎముక కింది కొస దాకా కొలుస్తారు. ఆ సెంటీమీటర్ల అంకెను రాయాలి, ముక్కు దగ్గర పైపు మీద పెన్నుతో గీత పెట్టాలి. విశాఖ ఉక్కపోతలో ముక్కు మీది ప్లాస్టరు రోజంతా నిలవదు. చెమటకు జారుతుంది, దాంతో పైపూ రెండంగుళాలు జారుతుంది, ఎవరికీ తెలియదు. రోజూ ముక్కు తుడిచి ప్లాస్టరు మార్చాలి. ప్రతి ఫీడు ముందూ గీత అక్కడే ఉందా చూడాలి.

ఫీడు పెట్టేటప్పుడు తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉండాలి. అయ్యాక కూడా కనీసం అరగంట, వీలైతే గంట అలాగే ఉంచాలి. 50 మిల్లీలీటర్ల సిరంజి పిస్టను తీసేసి, గొట్టాన్ని అడుగు ఎత్తులో పట్టుకుని, దాని బరువుకే దిగనివ్వాలి. 200 మిల్లీలీటర్లకు పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. పిస్టనుతో నెట్టేస్తే వాంతి, ఆ వాంతి ఊపిరితిత్తిలోకి. ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల నీళ్లు. రాగి జావ పలచగా కాచి, పలచటి గుడ్డతో వడకట్టి, గోరువెచ్చగా ఉన్నప్పుడే పోయాలి. చల్లారితే చిక్కబడి పైపు పూడ్చేస్తుంది. పూడితే గోరువెచ్చటి నీళ్లతో మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించాలి. తీగ గుచ్చడం ప్రాణం మీదికి తెస్తుంది. పొట్టలో కరగకుండా పూత వేసిన మాత్రల్ని, మెల్లగా పనిచేసే మాత్రల్ని నూరి పొడి చేసి పోయకూడదు. బదులు ఏముందో డాక్టరును అడగాలి.

ఇదంతా కోడలు నేర్చుకోగలదు. ఆమె చేయలేనిది ఒకటే: మామగారు మళ్లీ మింగగలుగుతున్నారో లేదో తేల్చడం. పక్షవాతం తర్వాత మింగే శక్తి చాలామందిలో మొదటి కొన్ని వారాల్లోనే తిరిగొస్తుంది. చెంచాతో నీళ్లిచ్చి, దగ్గు, గొంతు గరగర చూసే పరీక్ష శిక్షణ ఉన్నవాళ్లు చేయాలి, అదీ మళ్లీ మళ్లీ. ఆ తేదీ కాగితం మీద లేదు గనుక, మింగగలిగిన మనిషి నెలల తరబడి ముక్కులో పైపుతో ఉండిపోతాడు. నిజంగానే మింగలేనివాళ్లకు నాలుగు వారాలు దాటాక ముక్కు పైపు మారుస్తూ పోవడం కన్నా పొట్టకు నేరుగా పెట్టే పెగ్ ట్యూబు గురించి మాట్లాడాలి. ఆ మాట కూడా ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.

ఇంకో సంగతి చెప్పడానికి ఇష్టం ఉండదు గానీ చెప్పాలి. పైపు చిరాకు పెడుతుంది. మతి స్థిమితం తప్పిన పెద్దవాళ్లు దాన్ని లాగేస్తారు. లాగకుండా చేతులను గాజుగుడ్డతో మంచం కడ్డీకి కడతారు. కట్టేశాక గాబరా పెరుగుతుంది, మత్తు ఇంజెక్షన్ పడుతుంది, మత్తులో మింగడం ఇంకా తగ్గుతుంది. పైపు కోసం చేతులు కట్టాల్సి వచ్చిన రోజే "ఇది కావాలా?" అని అడగాల్సిన రోజు.

చేతి మీద గులాబీ రంగు మూత

సెలైన్, ఇంజెక్షన్ల కోసం చేతి సిరలో ఉంచే క్యాన్యులా గురించి ఎక్కువ చెప్పను. 18 ఆకుపచ్చ, 20 గులాబీ, 22 నీలం. నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది, ఫోలీకి పూర్తిగా ఎదురు. సెలైన్ ఆగిపోయి, ఇంజెక్షన్లు మాత్రలుగా మారిపోయాక కూడా "రేపు డిశ్చార్జి కదా, ఉండనీ" అని వదిలేసిన క్యాన్యులాయే ఎర్రబడి, తాడులా గట్టిపడి, జ్వరం తెస్తుంది.

ఈ ఊళ్లో క్యాన్యులాకు మరో కోణం ఉంది. శ్రీకాకుళం ఉద్దానం నుంచి కిడ్నీ రోగులు ఏళ్ల తరబడి ఇక్కడికి వస్తూనే ఉన్నారు. డయాలసిస్ కోసం ముంజేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేస్తారు. అది పక్వానికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ముందే చేయించుకోకపోతే ఆయాసంతో వచ్చిన రాత్రి మెడలో తాత్కాలిక క్యాథెటర్ వేయక తప్పదు. రెండు వారాల లోపు వాడటానికి ఉద్దేశించిన గొట్టం అది. ఫిస్టులాకు పనికొచ్చే ముంజేతి సిరను అంతకుముందే ఎవరో సులువుగా దొరికిందని క్యాన్యులాలతో పాడుచేసి ఉంటారు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగిన మనిషికి అరచేతి వెనక వైపే సూది వేయాలన్న ఒక్క వరస కేస్‌షీట్ అట్ట మీద ఉంటే ఆ సిర మిగిలేది.

గడువు పెడితే నష్టం లేదా

ఉంది. ప్రోస్టేట్ ఆపరేషనో, మూత్రనాళం కుట్టడమో జరిగిన రోగికి పైపును తొందరపడి తీస్తే మళ్లీ వేయడం సర్జనుకే కష్టం. తేదీ వచ్చింది కదా అని గుడ్డిగా లాగేస్తే అదీ ప్రమాదమే. అందుకే తేదీ ఒక్కటే చాలదు, కారణం కూడా రాయాలంటున్నాను. "నాళం కుట్టారు, సర్జను చెప్పేదాకా తీయొద్దు" అని రాసి ఉంటే ఏ సిస్టరూ ముట్టుకోదు. జీవితాంతం పైపు తప్పనివాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఆ తేదీ మార్చే తేదీ అవుతుంది.

ఇంకో అనుమానం: రాసే కాగితాలకు కొదవా, ఇదొకటా? ఈ అనుమానం నాక్కూడా ఉండేది. అయితే గుర్తుచేసే చీటీలు, గడువు తీరితే ఆగిపోయే ఆర్డర్లు పెట్టిన ఆసుపత్రుల పరిశోధనలన్నీ కలిపి 2010లో లెక్కేస్తే, పైపువల్ల వచ్చే మూత్ర ఇన్ఫెక్షన్లు సగానికి పైగా తగ్గాయి. తీసినవాళ్లకు మళ్లీ వేయాల్సి రావడం మాత్రం పెరగలేదు. పెద్ద రక్తనాళాల్లో వేసే సెంట్రల్ లైన్ల కథా అంతే. 2006లో అచ్చయిన మిషిగన్ ఐసీయూల ప్రయత్నంలో పాటించినవి ఐదే పనులు: చేతులు కడగడం, ఒళ్లంతా కప్పే స్టెరైల్ గుడ్డలు, క్లోర్‌హెక్సిడిన్ మందుతో చర్మం తుడవడం, తొడ దగ్గర వేయకపోవడం, అక్కర్లేని లైను తీసేయడం. మొదటి నాలుగూ పైపు వేసిన పావుగంటలో అయిపోతాయి. ఐదోది మాత్రం రోజూ అడగాల్సిన ప్రశ్న. గోడ మీద పోస్టరుకు ఎక్కేవి ఎప్పుడూ ఆ మొదటి నాలుగే.

షాపు దగ్గరికి మళ్లీ వద్దాం. ప్యాకెట్టు సంచిలో పెట్టుకుంటున్న ఆవిడకు వరసలో వెనకున్న ఒక సిస్టరు (యూనిఫాం మీద కోటు వేసుకుని ఉంది, డ్యూటీ దిగినట్టుంది) ఒకటే చెప్పింది: "మార్చే ముందు, తీసేస్తే అవదా అని ఒకసారి అడగమ్మా. మీ మామయ్యగారికి ఇప్పుడు తెలివి బాగానే ఉందంటున్నావు కదా." ఆవిడ అయోమయంగా ప్యాకెట్టు వైపు చూసి, "తీసేయొచ్చంటే ఇదేం చేసుకోనండి?" అంది. షాపతను చిల్లర లెక్కపెడుతూనే, సీలు విప్పకపోతే వెనక్కి తీసుకుంటానన్నాడు.